పాత బండి, కొత్త బండి

కొత్తొక వింత, పాతొక రోత యని లోకమున నొక సామెత కలదు. వస్త్రముల విషయమునను, ఆభరణముల విషయమునను ఈ మాట కొంతవఱకు నిజము కావచ్చును. కాని లక్షలాది ప్రజలను ప్రతిదినము మోయుచుండు రైలుబండ్ల విషయమున పాతదానిని రోతపడి విడుచుటయు తగదు. కొత్తదానిని వింతయని కొనుటయు తగదు. పాతబండిని ఎప్పుడు తొలగింపవలెను? దాని స్థానమున ఎట్టి బండిని నిలుపవలెను? ఆ కొత్తబండి ఎవరికి ఉపయోగపడవలెను? ఈ మూడు ప్రశ్నలకు సరియైన సమాధానము లభింపనిచో ఎంత ధనము వెచ్చించినను ప్రయోజనము కొంచెమే. వీనిని పరిశీలించుటకు భారతదేశమున ముంబయి మహానగరమును మించిన తావు లేదు.

ముంబయి నగరము సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన సన్నని భూభాగముపై వెలసినది. ఓడరేవు, న్యాయస్థానములు, బ్యాంకులు, పెద్ద కార్యాలయములు చిరకాలముగా దక్షిణపు కొసయందే యున్నవి. అక్కడి ఇంటి అద్దెలను చెల్లింపజాలని సామాన్యులు ఉత్తరపుదిక్కున బోరివలి, విరార్, ఠాణే, కల్యాణ్ మొదలగు చోట్ల నివసింతురు. కావున ప్రతి ఉదయమున జనప్రవాహము ఉత్తరము నుండి దక్షిణమునకు సాగును. సాయంకాలమున మరల ఉత్తరమునకు తిరుగును. ఈ ప్రవాహమును మోయునవి ‘లోకల్’ అని పిలువబడు విద్యుత్ రైలుబండ్లు. చర్చిగేటు నుండి పశ్చిమ రైల్వేవారును, ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ నుండి మధ్య రైల్వేవారును నడుపు సర్వీసులు దినమునకు 3,000 దాటును. వానిలో పయనించువారి సంఖ్య అరకోటిని మించును. గుమాస్తాలు, విద్యార్థులు, ఆసుపత్రి నర్సులు, చేపలబుట్టలతో కోలీ స్త్రీలు, మధ్యాహ్న భోజనమును మోయు డబ్బావాలాలు, వీరందఱకు ఈ బండ్లే ఆధారము. తెలంగాణము నుండి తరలిపోయి పరేలు, వర్లీ ప్రాంతముల బట్టలమిల్లులలో పనిచేసిన తెలుగువారి కుటుంబములెన్నియో ఈ నగరమున స్థిరపడినవి. వారి జీవనమును ఈ పట్టాల వెంటనే సాగినది.

భారతదేశపు తొలి ప్రయాణికుల రైలుబండి ఈ నగరమునుండియే బయలుదేఱినది. 1853 ఏప్రిల్ 16వ తేదీన బోరీబందరు నుండి ఠాణేకు 34 కిలోమీటర్ల దూరము ఆ బండి 14 పెట్టెలతో నడచినది. సాహిబ్, సింధ్, సుల్తాన్ అను మూడు ఆవిరియింజనులు దానిని లాగినవి. నాటి జనులకది మహాద్భుతము. అయినను ఆవిరియింజనునకు బలమెంత కలదో అవసరములును అంత కలవు. దానికి బొగ్గు కావలెను, నీరు కావలెను. నిప్పు రాజేసి ఆవిరి పుట్టించుటకు గంటలకొలది కాలము పట్టును. బండి చివరి స్టేషనును చేరిన పిమ్మట ఇంజనును విప్పి, వేఱొక పట్టాపై నడిపించి, రెండవ కొనకు తెచ్చి తగిలింపవలెను. దూరదేశమునకు పోవు బండి విషయమున ఈ యాలస్యము లెక్కలోనికి రాదు. కాని రెండు మూడు కిలోమీటర్లకొక స్టేషను చొప్పున ఆగుచు, కొద్ది నిమిషములకొకటి చొప్పున రాకపోకలు సాగింపవలసిన నగరపు బండికి ఈ పద్ధతి యెంతమాత్రము అనుకూలింపలేదు.

ఈ చిక్కును విద్యుచ్ఛక్తి తీర్చినది. 1925 ఫిబ్రవరి 3వ తేదీన విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లా వఱకు దేశములో మొదటి విద్యుత్ రైలుబండి నడచినది. 1928లో కొలాబా - బోరివలి మార్గమునకును విద్యుత్తు వచ్చినది. ఈ బండికి ప్రత్యేకమైన యింజను లేదు. కొన్ని పెట్టెల క్రిందనే మోటార్లు అమర్పబడియుండును. రెండు కొనలందును నడుపువాని గది యుండును. చివరి స్టేషనులో మోటారుమన్ ఒక కొన నుండి దిగి రెండవ కొనకు నడచిపోయినచో చాలును. బండి తిరుగుప్రయాణమునకు సిద్ధము. పది బండ్లను వరుసగా కట్టి ముందు ఒక్క యెడ్లజతను పూన్చుటకును, మూడేసి బండ్లకొక జతను పూన్చుటకును ఎంత భేదము కలదో, ఇంజను లాగు బండికిని ఈ బండికిని అంత భేదము కలదు. కదలిన కొద్ది క్షణములలోనే ఇది వేగమందుకొనును. స్టేషను సమీపింపగనే త్వరగా ఆగును.

ఇక్కడ గమనింపవలసిన యంశమొకటి కలదు. నగరపు మార్గమున ఆవిరియింజనును తొలగించినది అది పాతదైనందున కాదు. ఆ పనికి తగినది కానందున. దూరప్రాంతపు మార్గములలో ఆవిరియింజనులు ఆ తరువాత మఱి యనేక దశాబ్దములు నిలిచి సేవ చేసినవి. కనుక వస్తువు వయస్సును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. అది చేయవలసిన పనియేమి, ఆ పనిని సురక్షితముగా చేయుచున్నదా లేదా యని చూడవలెను.

అయినను వయస్సును అసలే లెక్కింపక విడుచుటయు పొరపాటే. ఇటువంటి విద్యుత్ రైలుపెట్టెకు సుమారు 25 సంవత్సరముల ఆయుర్దాయమని రైల్వేశాఖవారి లెక్క. ముంబయిలో ఆ పెట్టె పడు శ్రమ సామాన్యమైనది కాదు. 9 పెట్టెల బండిలో సుమారు 1,700 మంది పయనింపవచ్చునని మొదట ఉద్దేశింపగా, రద్దీవేళలలో 4,500 మంది వఱకు ఎక్కుచుండిరి. ఒక చదరపు మీటరు తావున 14 మొదలు 16 మంది నిలుచుట సంభవించెను. ఇట్టి స్థితికి ‘సూపర్ డెన్స్ క్రష్ లోడ్’ అని రైల్వేవారు ప్రత్యేకముగా నొక పేరు పెట్టవలసివచ్చినది. అంతటి బరువునకు స్ప్రింగులు క్రుంగును, చక్రములు అరుగును, బ్రేకులు వేడెక్కును. సముద్రపుగాలిలోని ఉప్పు ఇనుమును తినివేయును. వర్షకాలమున పట్టాలపై నీరు నిలిచినచో పెట్టె క్రిందనున్న మోటార్లలో నీరు చేరును. 2005 జూలై 26వ తేదీన శాంతాక్రూజ్‌లో ఒక్కదినమున 944 మిల్లీమీటర్ల వర్షము కురిసినపుడు లోకల్ బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయి, నగరమంతయు స్తంభించినది.

“ఇంకను నడచుచున్నది గదా, మార్చుట యెందుకు?” అని కొందఱు ప్రశ్నింతురు. ఇది పొదుపు మాటవలె వినబడును. కాని పొదుపు కాదు. పాతబడిన యంత్రము ఒక్కసారిగా చెడదు. మొదట దాని విడిభాగములు దొరకవు. తరువాత మరమ్మతుల దినములు పెరుగును. నడచు దినములు తగ్గును. ఆ పిమ్మట ఒకనాటి ఉదయమున రద్దీవేళలో రెండు స్టేషనుల నడుమ ఆగిపోవును. దాని వెనుకనున్న బండ్లన్నియు వరుసగా ఆగును. ఒక బండి చెడుటచే వేలకొలది మంది ఒకనాటి కూలినో, పరీక్షనో, వైద్యునితో ఏర్పఱచుకొన్న సమయమునో కోల్పోవుదురు. ఈ నష్టము రైల్వే జమాఖర్చుల పుస్తకములో కానరాదు. కానరానంతమాత్రమున అది లేదనుట న్యాయము కాదు. ఇల్లు కూలిన పిదప దూలమును మార్చువాడు వివేకి యనిపించుకొనడు.

సకాలమున మార్పు చేసినచో ఎట్టి మేలు కలుగునో ముంబయి చరిత్రయే తెలుపుచున్నది. 1925లో ఆరంభమైన విద్యుత్ మార్గమున 1,500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ప్రవహించుచుండెను. నేటి పద్ధతి 25,000 వోల్టుల ద్విముఖ విద్యుత్తు. వోల్టులు పెరిగినకొలది అంత శక్తినే తక్కువ ప్రవాహముతో పంపవచ్చును. 25,000ను 1,500చే భాగించినచో దాదాపు 17 వచ్చును. అనగా అంతే శక్తికి ప్రవాహము పదునేడవ వంతు చాలును. దానిచే తీగలలో వేడి రూపమున వ్యర్థమగు విద్యుత్తు తగ్గును. తీగలు సన్ననివైనను చాలును. విద్యుత్తునందించు ఉపకేంద్రములు దూరదూరముగా ఉండవచ్చును. ఎక్కువ బండ్లను, పొడవైన బండ్లను నడుపుటకు వీలగును.

కాని ఈ మార్పు సులభసాధ్యము కాదు. అరకోటి జనులు ఆధారపడిన మార్గమును కొన్ని మాసములు మూసివేసి పని చేయుట అసాధ్యము. అందుచే రెండు విధములైన విద్యుత్తులతోను నడువగల బండ్లను ముందుగా సిద్ధము చేసిరి. రాత్రి బండ్లు విశ్రమించు కొద్ది గంటలలోనే తీగలను మార్చుచు వచ్చిరి. పశ్చిమ రైల్వేలో ఈ మార్పు 2012లో ముగిసినది; మధ్య రైల్వే ప్రధానమార్గమున 2015లో ముగిసినది; హార్బరు మార్గమున 2016 ఏప్రిల్ మాసములో ముగిసినది. తొంబదియొక్క సంవత్సరములు సేవచేసిన పాతపద్ధతి ముంబయిలో ఆనాటితో సెలవు తీసికొన్నది. ఉదయమున బండి యెక్కిన ప్రయాణికుడు తన తలపై తీగలో ప్రవహించు విద్యుత్తు మాఱినదని గమనింపనైనను లేదు. ఆ కార్మికుల నేర్పునకు ఇంతకంటె గొప్ప ప్రశంస యుండదు.

2007 నుండి నడచుచు వచ్చిన కొత్తబండ్లలో మఱియొక విశేషము కలదు. బ్రేకు వేసినపుడు వీని మోటార్లే విద్యుత్తును పుట్టించు యంత్రములుగా మాఱి, ఆ విద్యుత్తును మరల తీగలోనికి పంపును. స్టేషను స్టేషనునకు ఆగు బండికి ఈ పద్ధతిచే గణనీయమైన ఆదా కలుగును. పాతబండిలో ఆ శక్తి బ్రేకుల వేడిగా మాఱి గాలిలో కలిసిపోయెడిది. ఇంతేకాక, కొత్తపెట్టెల కప్పునుండి బయటిగాలిని లోనికి పంపు ఏర్పాటు చేయబడినది. జనసమ్మర్దములో ఊపిరాడక అల్లాడు ప్రయాణికునకు ఇది నిజమైన ఉపకారము. కొత్తబండి యనగా రంగు మాఱిన బండి కాదనుటకు ఈ రెండును నిదర్శనములు.

ఇన్ని మార్పులు జరిగినను ఒక్క లోపము మాత్రము చిరకాలము నిలిచియున్నది. అది తెరచియుంచిన వాకిలి. సాధారణపు లోకల్ బండి తలుపులు మూయకయే నడచును. లోపల చోటు చాలనివారు వాకిట నిలిచి, కడ్డీలను పట్టుకొని వ్రేలాడుచు పయనింతురు. 2025 జూన్ 9వ తేదీ ఉదయమున ముంబ్రా స్టేషను సమీపమున, ఎదురెదురుగా పోవుచున్న రెండు బండ్ల వాకిళ్లవద్ద వ్రేలాడుచున్నవారిలో పలువురు క్రిందపడిరి. నలుగురు ఆనాడే ప్రాణములు కోల్పోయిరి. వారు విహారమునకు బయలుదేఱినవారు కారు, పనికి పోవుచుండినవారు. పట్టాలను దాటుటచేతను, బండ్లనుండి పడుటచేతను, ఇతర కారణములచేతను ముంబయి రైలుమార్గములలో 2022, 2023, 2024 సంవత్సరములలో ఒక్కొక్క యేట 2,000కు మించి జనులు మరణించిరి. వారిలో ప్రతివాని కొఱకును సాయంకాలమున ఇంటివద్ద ఎదురుచూచువారుందురు. ఈ సంఖ్యను నగరజీవనమునకు చెల్లింపవలసిన వెలగా భావించి యూరకుండుట దయాహీనత.

మూయు తలుపులు గల బండ్లు ముంబయికి తెలియనివి కావు. 2017 డిసెంబరు 25వ తేదీన పశ్చిమ రైల్వేలో మొదటి శీతల లోకల్ బండి బయలుదేఱినది. దాని తలుపులు వానియంతట అవియే మూసికొనును. కాని దాని టికెట్టు వెల సాధారణపు రెండవ తరగతి వెలకు అనేక రెట్లు. 2022 మే మాసములో ఒక్కసారి ప్రయాణమునకు కొను టికెట్టు వెలను సగమునకు తగ్గింపగా ఎక్కువారు పెరిగిరి. అయినను ఆ యేటి ఆగస్టు మాసములో మధ్య రైల్వేలో కొన్ని సాధారణపు బండ్ల స్థానమున శీతల బండ్లను నడుపగా కళ్వా, బద్లాపూర్ ప్రయాణికులు నిరసన తెలిపిరి. చివరకు రైల్వేవారు పది సర్వీసులను మునుపటివలె సాధారణపు బండ్లుగా మార్చిరి.

ఆ నిరసనను చూచి సామాన్యులు మార్పునకు విరోధులని నిందించుట తగదు. తాము ప్రతిదినము ఎక్కు బండి పోయి, తాము ఎక్కలేని బండి దాని వేళకు వచ్చి నిలిచినపుడు వారికి మిగిలినదేమి? తరువాతి బండిలో రెట్టింపు రద్దీ. అనగా కొందఱికి సుఖము పెరుగుటచే పలువురికి ప్రమాదము పెరిగినది. బావికి కొత్త గిలకను అమర్చి, చేద వేయుటకు రుసుము పెట్టినచో, అది ఊరికి మేలు చేసినట్లు కానేరదు. పాతబండి ఎవరిని మోయుచుండెనో వారినే కొత్తబండియు మోయవలెను. అప్పుడే దానిని మార్పు అనవచ్చును. లేనిచో అది కేవలము తొలగింపు.

సుఖము వేఱు, రక్షణ వేఱు. చల్లనిగాలి సుఖము, దానికి కొంత ఎక్కువ వెల పెట్టుటలో తప్పులేదు. మూసిన తలుపు రక్షణ; దానికి వెల పెట్టరాదు. ముంబ్రా దుర్ఘటన జరిగిన పిమ్మట శీతలయంత్రములు లేని బండ్లకును తానుగా మూసికొను తలుపులు అమర్తుమని రైల్వేశాఖవారు ప్రకటించిరి. తలుపులలో గాలి చొరబడు సందులుండుననియు, కప్పుపై గాలినందించు యంత్రములుండుననియు, పెట్టెనుండి పెట్టెకు దారి యుండుననియు తెలిపిరి. ఈ యాలోచన మెచ్చదగినది. ఎన్నేండ్లు పట్టినను, ఈ మాటను చివరి బండివఱకు నెఱవేర్చుట వారి కర్తవ్యము.

అయితే తలుపొక్కటి చాలదు. వాకిట వ్రేలాడువాడు సాహసముచే వ్రేలాడుట అరుదు; చోటు లేక వ్రేలాడుటయే తఱచు. తలుపు మూసినచో అతడు ప్లాట్‌ఫారముపై మిగిలిపోవును. అతనిని పనికి చేర్చుటకు మఱియొక బండి రావలెను. తలుపులు తెరచుటకును మూయుటకును ప్రతి స్టేషనులో కొన్ని క్షణములు అధికముగా పట్టును. ఆ క్షణములన్నియు కలిసి బండ్ల సంఖ్యను తగ్గింపకుండుటకు మేలైన సిగ్నల్ పద్ధతి కావలెను. పశ్చిమ రైల్వేలో 2009 నుండి నడచుచున్న 15 పెట్టెల బండ్లవంటివి ఎక్కువ కావలెను. వానికి తగిన పొడవుగల ప్లాట్‌ఫారములు కావలెను. కాబట్టి బండి మార్పనగా బండిని మాత్రమే మార్చుట కాదు. పట్టా, తీగ, సిగ్నల్, ప్లాట్‌ఫారము, టికెట్టు వెల, ఇవి యన్నియు ఒక్క గొలుసులోని కడియములు. ఒక్క కడియము సడలినను గొలుసు తెగును.

ఈ మాటలు ముంబయికి మాత్రమే వర్తించునవి కావు. మద్రాసు నగరమున 1931లో బీచి స్టేషను నుండి తాంబరము వఱకు ఆరంభమైన మీటరుగేజి విద్యుత్ బండ్లు 2004తో ముగిసి, వాని స్థానమును బ్రాడ్‌గేజి బండ్లు ఆక్రమించినవి. హైదరాబాదు, సికింద్రాబాదు, లింగంపల్లి, ఫలక్‌నుమా స్టేషనులను కలుపు ఎం.ఎం.టి.ఎస్. బండ్లు 2003 ఆగస్టు 9వ తేదీన మొదలై రెండు దశాబ్దములు దాటినవి. నగరములు పెరుగుచున్నవి, బండ్లు ముదియుచున్నవి. ముంబయి పడిన కష్టమును పడకయే, ముంబయి నేర్చిన పాఠమును నేర్చుకొనుట తక్కిన నగరముల భాగ్యము. ఎదుటివాని దెబ్బను చూచి దారి మార్చుకొనువాడే తెలివిగలవాడు.

ప్రభుత్వము చేయవలసినది యింత యున్నను, ప్రయాణికుల బాధ్యత లేకపోలేదు. కొత్త ఆసనమును కత్తితో చీల్చుట, గోడలపై పేర్లు చెక్కుట, మూసికొను తలుపునకు కాలు అడ్డుపెట్టుట, టికెట్టు లేక పయనించుట, ఇవి యన్నియు కొత్తబండిని సంవత్సరము తిరుగకుండనే పాతబండిగా మార్చు పనులు. ప్రజల సొత్తు ఎవరిదియు కాదని భావించువాడు చీల్చునది తన తమ్ముడు రేపు కూర్చుండవలసిన ఆసనమును.

నేటి విద్యార్థులలో కొందఱు రేపు యంత్రనిపుణులగుదురు, కొందఱు అధికారులగుదురు, తక్కినవారందఱును ప్రయాణికులగుదురు. కొత్తబండి ప్రారంభోత్సవమునకు పూలదండలు వేయునపుడు వారొక ప్రశ్నను తప్పక అడుగవలెను: నిన్నటి బండి వాకిట వ్రేలాడిన కూలివాడు నేటి బండిలో లోపల నిలువగలుగుచున్నాడా? అవునను సమాధానము వచ్చిననాడు ఆ బండి నిజముగా కొత్తది. లేదను సమాధానము వచ్చిననాడు, దాని రంగు ఎంత మెఱసినను, అది పాతబండియే.